వక్రనఖుడి పిస్తోలుకు మెరుగు

నల్లశిల కోటను దూరం నుంచి చూసిన బాటసారులు అది కోట అనుకోరు. ఉరిమి ఉరిమి అలసిపోయి కొండ మీద కూలబడిన మబ్బు అనుకుంటారు. దాని బురుజులు ఆకాశాన్ని ఒరుసుకుంటూ ఉంటాయి. అగడ్తలో నీటికి బదులు నల్లని పొగ సుడులు తిరుగుతూ ఉంటుంది, అందులో ఎర్రకళ్ళ మొసళ్ళు ఆవులిస్తూ ఉంటాయి. సింహద్వారం తలుపులకు కొట్టిన ఇత్తడి మేకులకు మనిషి ముఖాలున్నాయి. అవి వచ్చేపోయేవాళ్ళను గుడ్లురిమి చూస్తాయి. అటువంటి ద్వారం ముందు, ఒక ఉదయం, మణిసింధు రాజ్యపు యువరాజు చిత్రాంబరుడు నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు.

గడ్డం అతనిది కాదు, మేకది. జిగురుతో అంటించుకున్నది. భుజానికి ఒక తోలుసంచి వేలాడుతోంది. అందులో సుత్తి తప్ప మిగతా పనిముట్ల పేర్లు అతనికి తెలియవు. అయినా ద్వారపాలకుడు అడిగితే, తాను తుపాకులు బాగుచేసే కొండోజునని తడుముకోకుండా చెప్పాడు.

ఇంతకూ జరిగింది ఇది. ఈ కోటలో ఉండే మాంత్రికుడు వక్రనఖుడు చిత్రాంబరుడి అక్క వైదూర్యదేవిని ఎత్తుకొచ్చాడు. రాజ్యం రాసిస్తే కూతుర్ని వదులుతానని ముసలి మహారాజు సుధామవర్మకు కబురు పెట్టాడు. ఆయన ఇవ్వనన్నాడు. ఇవ్వనన్నవాడు ఆ క్షణమే చావాల్సింది. ఎందుకంటే వక్రనఖుడి దగ్గర ఒక పిస్తోలుంది. ఎవరిని తలుచుకుని దాని మీట నొక్కితే, వాళ్ళు సముద్రాల అవతల దాక్కున్నా సరే, గుండు వెతుక్కుంటూ పోయి గుండెలో దిగుతుంది. మహారాజు ఇంకా బతికి ఉన్నాడంటే అది ఆ పిస్తోలు మీట చలవే. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఆ మీటను, వాతంతో వాచిపోయి కొడవళ్ళలాంటి గోళ్ళు పెరిగిన వక్రనఖుడి వేళ్ళు కదిలించలేకపోయాయి. అందుకని, పిస్తోలును బాగుచేసినవాడికి కోరింది ఇస్తానని దేశదేశాల్లో దండోరా వేయించాడు.

చిత్రాంబరుడి పథకం చాలా సులువైనది. లోపలికి పోవడం, అక్కను కోరుకోవడం, తీసుకుని రావడం. మధ్యలో పిస్తోలు సంగతి ఏమిటన్నది అక్కడికి వెళ్ళాక తోస్తుందని అతని నమ్మకం. పుట్టిన నాటి నుంచీ అలాంటివన్నీ అక్కే ఆలోచించి పెట్టేది మరి.

సభామండపంలో స్తంభాలన్నీ నల్లపాము చర్మంలా నిగనిగలాడుతున్నాయి. పైకప్పు నుంచి వేలాడే దీపాల్లో ఆకుపచ్చ మంటలు మిణుకుమిణుకుమంటున్నాయి. పులి ఎముకల సింహాసనం మీద, గబ్బిలాల రెక్కలు కుట్టిన అంగీ తొడుక్కుని వక్రనఖుడు కూర్చున్నాడు. రెండు చేతులూ వేన్నీళ్ళ గంగాళంలో ముంచి మూలుగుతున్నాడు. అతని పక్కనే గొలుసుకు కట్టిన ఇనుప పంజరం, అందులో వైదూర్యదేవి. వచ్చినవాణ్ణి ఆమె ఒక్క చూపు చూసింది. మేక గడ్డం వెనక ఉన్న తమ్ముణ్ణి పోల్చుకుంది. వెంటనే నుదురు కొట్టుకుంది.

"ఓరీ శిల్పీ, నీ పేరేమిటి?" అన్నాడు వక్రనఖుడు.

"కొండోజు, మహాప్రభూ. మా తాత తుపాకులు చేశాడు, మా నాన్న తుపాకులు చేశాడు."

"మరి నువ్వు?"

"వాళ్ళు చేస్తుంటే చూశాను."

పంజరంలోంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. "మా ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడున్నాడు. నా తమ్ముడు. అద్దం ముందు నుంచి లేవడు. నా కోసం ఇలాంటి చోటికి వాడొస్తే, ఒరే వెధవా, వచ్చిన దారినే ఇంటికి పో అనేదాన్ని" అంది వైదూర్యదేవి, స్తంభంతో చెబుతున్నట్టు.

చిత్రాంబరుడి కళ్ళు చెమర్చాయి. "అమ్మా, ఆ తమ్ముడు అలా పోయే రకం కాదేమో" అన్నాడు.

"పోకపోతే వాడి ఖర్మ" అంది ఆమె. ఆ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది.

వక్రనఖుడు సైగ చేయగానే ఆయుధశాల అధికారి శంబరప్ప చిరుతపులి చర్మం మీద పెట్టి పిస్తోలును తెచ్చాడు. శంబరప్ప బొద్దుగా, మర్యాదగా ఉంటాడు. పెళ్ళివారికి ఎదురు వచ్చినట్టు నడుస్తాడు. ఆ పిస్తోలును చూసి చిత్రాంబరుడి ప్రాణం ఉసూరుమంది. గొట్టం నిండా ఎర్రతుప్పు. పిడి పగిలితే పురికొసతో కట్టారు. పిడి మీద చెక్కిన బల్లికి తోక లేదు. మీట నొక్కి చూశాడు. గోడను నొక్కినట్టుంది.

"రోగమేమిటి?" అన్నాడు వక్రనఖుడు.

"వాతం, మహాప్రభూ."

"నాకు కాదు, పిస్తోలుకు!"

"దానికీ అదే. కీళ్ళు పట్టేశాయి."

వక్రనఖుడి ముఖం వికసించింది. తన బాధా పిస్తోలు బాధా ఒక్కటేనని గ్రహించిన మనిషి ఇన్నాళ్ళకు దొరికాడు. "భళీ! సూర్యుడు అస్తమించేలోగా బాగుచెయ్యి. చేస్తే కోరింది ఇస్తాను. చెయ్యలేదో, కాగే నూనెలో వేయిస్తాను" అన్నాడు ఆప్యాయంగా.

కొలిమి ఉన్న గదికి దారి చూపిస్తూ శంబరప్ప అన్నాడు: "అదృష్టవంతులండీ మీరు. మా కోటలో ఆయుధం బాగుచేసినవారికి తొలిగుండు మర్యాద జరుగుతుంది."

"అంటే తొలిగుండు నేనే పేలుస్తానా?"

"అబ్బే, లేదండి. తొలిగుండు మీ మీద పేలుస్తారు."

చిత్రాంబరుడి పై ప్రాణాలు పైనే పోయాయి. "అదేం మర్యాదండీ!"

"ఏలినవారి ముత్తాతగారు పెట్టిన ఆచారం. ఆయుధం గుట్టు తెలిసినవాడు పక్క రాజ్యానికి పోయి అలాంటిదే ఇంకోటి చేసి ఇవ్వకూడదు గదండీ. కత్తికి పదును పెట్టినవాడికి తొలివేటు, ఫిరంగి పోతపోసినవాడికి తొలిగుండు. వాయిద్యాలతో, ఎంతో గౌరవంగా చేస్తాం."

అప్పుడు చుట్టూ చూశాడు చిత్రాంబరుడు. గోడకు వేలాడే కత్తులతో వెన్న కూడా తెగేలా లేదు. ఫిరంగి గొట్టాల్లో పిచ్చుకలు గూళ్ళు పెట్టాయి. కోట దిగువన ఉన్న కమ్మరి వీధిలో కొలుములన్నీ గరిటెలూ గంటలూ మాత్రమే ఎందుకు చేస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది.

"ఏమిటోనండీ, ఈ రోజుల్లో ఒక్క పనివాడూ మనసు పెట్టి పని చెయ్యడం లేదు" అని శంబరప్ప బాధగా తల ఆడించి, తలుపు మూసి, బయట గడియ పెట్టాడు.

గదిలో కొలిమి ఎర్రగా మండుతోంది. కిటికీ బయట పొగ అగడ్త, అందులో మొసళ్ళు. బాగుచేస్తే గుండు, చెయ్యకపోతే నూనె. బాగుచేస్తే తనతో పోదు, తన తర్వాత రెండోగుండు నాన్న గుండెలోకే. చిత్రాంబరుడికి దుఃఖం ముంచుకొచ్చింది, దుఃఖం వెంట కోపం వచ్చింది. సంచిలోంచి సుత్తి తీసి పిస్తోలును ఒక్క దెబ్బ వేశాడు.

"అమ్మో, నా నడుం!" అని పిస్తోలు కేక పెట్టింది.

గొట్టంలోంచి సాంబ్రాణి వాసనతో పొగ లేచింది. పొగలోంచి బొటనవేలంత భూతం ఒకటి నడుం పట్టుకుని దిగింది. తెల్లని మీసాలు, బోడిగుండు, ముఖం నిండా మసి.

"నాయనా, నిన్ను కన్నతల్లి ఎవరో గానీ, తుపాకి పనికి సుత్తి పట్టుకున్నవాణ్ణి నిన్నే చూశాను. నా పేరు గుగ్గిలం. ఈ వక్రనఖుడి ముత్తాత నన్ను ఇందులో కుక్కాడు. గుండు మీద కూర్చుని, చెప్పినవాడి దగ్గరికి దాన్ని తోలుకుపోవడం నా ఉద్యోగం" అంది భూతం.

చిత్రాంబరుడు చటుక్కున చేతులు జోడించాడు. "గుగ్గిలం మామా! సాయంత్రం వచ్చే గుండును కాస్త పక్కకు తోలు మామా!"

"కుదరదు. మీట మీద వేలు పడి నొక్కితే, ఆ వేలు ఎవరిదైతే వాడి మాట నాకు శాసనం." గుగ్గిలం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "వేలు తగలకముందే దానంతటది పేలిందనుకో, అప్పుడా గుండు నా సొంతం. ఎటు పంపినా అడిగేవాడు లేడు. నన్ను ఇందులో కుక్కిన వంశంలో ఇంకా ఒకడు మిగిలి ఉన్నాడు కదా!"

చిత్రాంబరుడికి ప్రాణం లేచొచ్చింది. "అయితే మీటను అంత సుతారంగా చేద్దాం. డప్పు మోగితే చాలు, ఆ అదురుకే పేలిపోవాలి!"

"చేద్దాం. కానీ ముందు నాకీ తుప్పు వదిలించు. సభలో పదిమందీ చూస్తారు. ఈ అవతారంతో నేను పేలను గాక పేలను" అని భూతం ముఖం తిప్పుకుంది.

ఈ మాట ఇంకెవరితో అన్నా విసుక్కునేవారేమో. చిత్రాంబరుడు మాత్రం మొదటిసారిగా చిరునవ్వు నవ్వాడు. తుపాకుల సంగతి అతనికి తెలియదు గానీ, సింగారం సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పగలడు. చేతులు పైకి మడిచాడు.

గుగ్గిలం ఇనుము సాగగొట్టే దాగలి మీద కాళ్ళు చాపుకుని కూర్చుని చెబుతుంటే పిస్తోలును విప్పాడు. లోపల కిటుకు పెద్దదేమీ కాదు. చెకుముకి రాయిని నోట కరుచుకున్న ఇనుప ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని గుర్రం అంటారు. గుర్రాన్ని వెనక్కి లాగి పెడితే, చిన్న కొక్కెం ఒకటి దాని గాట్లో పడి పట్టి ఉంచుతుంది. మీట నొక్కితే కొక్కెం తప్పుకుంటుంది, గుర్రం దూకుతుంది, నిప్పురవ్వ రాలి మందు అంటుకుంటుంది. ఈ పిస్తోలులో కొక్కెం గాట్లో లోతుగా దిగి, తుప్పుతో ఏకమై కూర్చుంది. గుర్రాన్ని తోసే ఉక్కు కమాను దూలమంత మందంగా ఉంది.

"తరాల తరబడి నా పక్కటెముకల్లో పొడుస్తోంది ఆ దరిద్రపు కమాను. దాన్ని తీసి పారెయ్యి" అంది గుగ్గిలం.

మూలన పడి ఉన్న విరిగిన రంపం లోంచి సన్నటి బద్ద కోసి, ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచి కొత్త కమాను చేశాడు. మొదటిది విరిగింది. రెండోది ఎగిరి కిటికీలోంచి పోయి మొసలి నోట్లో పడింది. మూడోది నిలిచింది. తుప్పును చింతపండుతో, ఇటుక పొడితో తోమి తోమి వదిలించాడు. తరువాత గొట్టాన్ని, బిగింపు మరలను వేడి ఇసుకలో పాతిపెట్టి కన్నార్పకుండా చూశాడు. ఉక్కు ముందు ఎండుగడ్డి రంగుకు వచ్చింది, తరువాత వంగపండు రంగుకు, ఆ తరువాత ఒక్క రెప్పపాటు నెమలి కంఠం రంగుకు తిరిగింది. ఆ రెప్పపాటులోనే పట్టకారుతో పైకి లాగాడు. ఇంకొంచెం ఆలస్యమైతే బూడిద రంగుకు పోయేది. జీవితమంతా పట్టుబట్టల రంగులు చూసిన కన్ను అక్కడ పనికొచ్చింది.

"ఆహా! ఇది నేనేనా!" అని గుగ్గిలం గొట్టంలో తన మీసాలు చూసుకుని మురిసిపోయింది.

తోక లేని బల్లి పిడి కొలిమిలోకి పోయింది. దాని బదులు ఇరుగుడు చెక్కను చేతికి ఇమిడేలా చెక్కి, మైనం రుద్దాడు. గురి చూడడానికి గొట్టం కొసన తన ఉంగరంలోని కెంపు తీసి పొదిగాడు. ఆ కెంపును వంగి చూసుకుంటుండగా గడ్డం కొలిమికి తగిలి భగ్గుమంది. ఆర్పేసరికి ఎడమ సగమే మిగిలింది. సరిగ్గా అప్పుడే శంబరప్ప తలుపు తీసి తొంగి చూశాడు.

"అదేమిటండీ గడ్డం?"

"మా కులాచారం. మీట సవరించేటప్పుడు సగం గడ్డం అగ్నిదేవుడికి సమర్పిస్తాం."

ఆచారం అనే మాట వినగానే శంబరప్ప భక్తితో తల వంచి వెళ్ళిపోయాడు.

చివరికి మీట వంతు వచ్చింది. కొక్కెం కొసను ఆకురాయితో రాసి, సానరాయి మీద అద్దంలా నున్నగా చేసి, గాటు లోతు తగ్గించి, అన్నీ బిగించి, గుర్రాన్ని వెనక్కి పెట్టాడు. మీట మీద ఈగ వాలింది. టక్కుమని గుర్రం దూకింది. చిత్రాంబరుడు గాలిలోకి ఎగిరి గంతేశాడు.

"ఆగు. ఈగ ముట్టుకుంటే పేలింది. మనకు కావలసింది ఎవరూ ముట్టుకోకుండా పేలడం. మళ్ళీ విప్పి ఇంకో రెండు రాపిడులు రాయి" అంది గుగ్గిలం.

చిత్రాంబరుడు పిస్తోలును బిగించిన మరల వంక చూశాడు. నాలుగు మరల తలలూ నాలుగు నీలాల్లా మెరుస్తున్నాయి. "మళ్ళీ విప్పితే వీటి తలలు గీసుకుపోతాయి మామా."

"పోతే పోనీ. ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తాను కదా!"

భూతం కూడా తన నీలి గొట్టాన్ని ఒకసారి నిమురుకుంది. అది కూడా సింగారానికి లొంగిన జీవమే. "సరేలే, ఆ డప్పులకు ఈ మాత్రం చాలు" అంది. ఇంతలో బయట బూరలు మోగాయి.

సూర్యుడు పడమటి బురుజు మీదికి వాలాడు. సభలో డప్పులు, తాళాలు, బూరలు సిద్ధంగా ఉన్నాయి. మందు కూరి, గుండు వేసి, గుర్రం వెనక్కి పెట్టిన పిస్తోలును పట్టుదిండు మీద పెట్టుకుని శంబరప్ప ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. దాన్ని చూసి సభంతా నోరెళ్ళబెట్టింది. వక్రనఖుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కోరుకో! గుండు తగిలాక కోరుకోవడం కష్టం" అన్నాడు.

"ఆ పంజరం తలుపు తీయించండి, మహాప్రభూ. ఆమెను నాతో పంపండి."

వక్రనఖుడు పకపక నవ్వాడు. "తీయండి! నీతోనే పంపుతాను. నువ్వు ఎంత దూరం పోతావో చూద్దాం."

వైదూర్యదేవి దిగి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. "ఏరా, పథకం ఏదైనా ఉందా?" అని గుసగుసగా అడిగింది.

"ఉందక్కా. ఇప్పుడు డప్పులు మోగుతాయి చూడు."

డప్పులు మోగాయి. దీపాలు ఊగాయి, స్తంభాల మీద దుమ్ము రాలింది. పిస్తోలు మాత్రం పట్టుదిండు మీద పసిపాపలా పడుకుని ఉంది.

"ఇంకా గట్టిగా!" అని అరిచాడు చిత్రాంబరుడు. బూరలు చెవులు చిల్లులు పడేలా ఊదారు. పిస్తోలు ఉలకలేదు, పలకలేదు. "తాళాలు! ఆ తాళాలేం చేస్తున్నాయి? కొట్టండయ్యా!"

"చావుకు ఇంత సంబరపడేవాణ్ణి నేను చూడలేదు" అన్నాడు వక్రనఖుడు మెచ్చుకోలుగా.

రెండంటే రెండు రాపిడులు. ఆ మరల తలల మీద చిత్రాంబరుడికి పుట్టెడు అసహ్యం పుట్టింది.

"పథకం ఏమైందిరా?" అంది వైదూర్యదేవి.

"ఇందాకటి దాకా ఉండేదక్కా."

వక్రనఖుడు పిస్తోలును చేతిలోకి తీసుకున్నాడు. నీలి గొట్టంలో తన ముఖం చూసుకున్నాడు, కెంపులోంచి చిత్రాంబరుడి గుండెకు గురి చూశాడు, వాచిన చూపుడువేలును మెల్లగా మీట వైపు వంచాడు. వేలు ఇంకా దూరంలోనే ఉంది. వేలి కంటే ముందు దాని కొసనున్న వంకర గోరు పోయి మీటను అలా తాకీ తాకనట్టు తాకింది.

ఢాం!

చిత్రాంబరుడు కళ్ళు మూసుకున్నాడు. చచ్చిపోతే ఇంత తుపాకిమందు వాసన ఎందుకు వస్తుందా అనుకుని ఒక కన్ను తెరిచాడు. ముక్కుకు జానెడు దూరంలో గుండు గాలిలో ఆగి ఉంది. దాని మీద గుగ్గిలం గొంతుకు కూర్చుని బోడిగుండు గోక్కుంటోంది.

"చిక్కొచ్చి పడింది. వేలు నొక్కితే శాసనం, నొక్కకపోతే నా ఇష్టం. మరి గోరు వేలేనా, కాదా?"

"వేలే! నా వేలికి మొలిచిన గోరు నా వేలు కాక ఎవడి వేలు?" అని గర్జించాడు వక్రనఖుడు.

"కానే కాదు! వేలు కోస్తే నెత్తురొస్తుంది. గోరు కోస్తే ఏమొస్తుంది? క్షురకుడు కోసి పారేసిన గోళ్ళను మీ వేళ్ళేనని ఏరుకొచ్చి దాచుకుంటున్నారా?" అని వైదూర్యదేవి అందుకుంది.

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. శంబరప్ప తన గోళ్ళ వంక సందేహంగా చూసుకున్నాడు.

గుగ్గిలం చాలాసేపు మీసం నమిలింది. "ఇద్దరి మాటా నిజమే. సగం వేలు, సగం కాదు. కాబట్టి శాసనం సగం, నా ఇష్టం సగం. గుండు కుర్రవాడి మీదికే పోతుంది, అది శాసనం. ఎంత వేగంతో పోవాలో నా ఇష్టం. ఏమనుకోకు నాయనా, ఇంతకంటే చెయ్యలేను."

గుండు కదిలింది. నెత్తిన నిండు బిందె పెట్టుకున్న మనిషి ఎంత నెమ్మదిగా నడుస్తుందో అంత నెమ్మదిగా చిత్రాంబరుడి గుండె వైపు బయల్దేరింది. అతను పక్కకు జరిగాడు. గుండూ జరిగింది. స్తంభం వెనక దాక్కున్నాడు. గుండు స్తంభాన్ని తొలుచుకుని ఇవతలికి వచ్చింది.

"పట్టుకోండి వాణ్ణి!" అని వక్రనఖుడు అరిచాడు. శంబరప్ప వెనక నుంచి వచ్చి చిత్రాంబరుణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. ఎదురుగా గుండు వస్తోంది. అతన్ని దాటితే తరువాత తగిలేది ఎవరికో శంబరప్పకు ఆ క్షణంలో తోచింది. "క్షమించండి, తమరు దయచేయండి" అని వదిలేసి స్తంభాల మధ్యకు పరుగు తీశాడు. అది చూసి భటులంతా డాళ్ళు నెత్తిన పెట్టుకుని గోడలకు అతుక్కుపోయారు.

చిత్రాంబరుడికి మెరుపులా ఒక ఉపాయం తట్టింది. అది అక్క చెప్పని మొట్టమొదటి ఉపాయం. పరుగెత్తుకెళ్ళి సింహాసనం వెనక నిలబడ్డాడు. గుండు సింహాసనం వైపు తిరిగింది. వక్రనఖుడు కెవ్వుమని లేచి, ఇంకెటూ దారి లేక, తలుపు తెరిచి ఉన్న పంజరంలోకి దూకాడు. వైదూర్యదేవి ఒక్క అంగలో వెళ్ళి తలుపు గడియ వేసి, గొలుసు లాగింది. పంజరం గిర్రున పైకప్పు దగ్గరికి పోయింది. పులి ఎముకల సింహాసనం నడుమ గుండ్రటి కన్నం పెట్టుకుని గుండు ఇవతలికి వచ్చింది.

"నవ్వండి, నవ్వండి!" అని పైనుంచి వక్రనఖుడు పళ్ళు నూరాడు. పిస్తోలు ఇంకా అతని చేతిలోనే ఉంది. అంగీలోంచి తీసి మందు కూరాడు, రెండోగుండు వేశాడు. "వైదూర్యా, ఇది సుధామవర్మకు! నీ తండ్రికి!" అని, ఈసారి గోరు తగలకుండా నిండుగా వేలు పెట్టి నొక్కాడు.

గుర్రం దూకింది, నిప్పు లేచింది, మందు అంటుకుంది. రెండోగుండు గొట్టం అంచు దాకా వచ్చి, తోలేవాడు లేక, అక్కడి నుంచి టప్పున జారి నేల మీద పడింది.

"చేతిలో పని ఉంది స్వామీ. ఈ కుర్రవాడికి తగిలేదాకా ఇంకో గుండు ఎక్కలేను" అని మొదటిగుండు మీద నుంచి గుగ్గిలం విన్నవించుకుంది.

చిత్రాంబరుడు అక్క చెయ్యి పట్టుకుని సింహద్వారం వైపు పరుగు తీశాడు. వాళ్ళ వెనక లోపలి నుంచి వచ్చేదేమిటో చూసిన ద్వారపాలకుడు తలుపులు తానే బార్లా తెరిచి, వంతెన దించి, తాను పొగలోకి దూకాడు. మొసళ్ళు కూడా దారిలోంచి తప్పుకున్నాయి.

కొండ దిగి, తుమ్మల తోపు దాటి, అడ్డదారిన పడి పరుగెత్తారు. వెనక గుండు కనుమరుగైంది. చిత్రాంబరుడు ఒక బండ మీద కూలబడి, మిగిలిన సగం గడ్డం పీకి పారేసి పకపక నవ్వాడు. "తప్పించుకున్నాం అక్కా! అదెక్కడో ఆగిపోయి ఉంటుంది."

వైదూర్యదేవి నవ్వలేదు. వచ్చిన దారి వంకే చూస్తోంది. కాసేపటికి తుమ్మ చెట్ల మధ్య నుంచి, సాయంకాలపు ఎండలో మెరుస్తూ, అదే నడకతో గుండు వచ్చింది. చిత్రాంబరుడు చప్పున లేచాడు.

"మామా, నువ్వు అలసిపోవా?"

"కూర్చునే కదా నాయనా వస్తున్నాను" అంది గుగ్గిలం.

"ఒరే, నువ్వు గమనించావో లేదో" అంది వైదూర్యదేవి, అతనితో పాటు నడక అందుకుంటూ. "అది నిన్ను తాకిన క్షణం ఆ భూతానికి పని అయిపోతుంది. ఆ మరుక్షణం వక్రనఖుడు నాన్నను తలుచుకుని మీట నొక్కుతాడు. మీట ఎంత సుతారంగా ఉందో నీకు తెలుసు."

చిత్రాంబరుడికి తెలుసు. ఈ భూమి మీద అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. పక్క మీద నుంచి అద్దం దాకా నడిస్తే చాలు, కాళ్ళు పట్టించుకునే మనిషి అతను. ఇక మీదట తాను పడుకుంటే నాన్న పోతాడు, కూర్చుంటే నాన్న పోతాడు. చిన్నప్పుడు తనను భుజాల మీద ఎక్కించుకుని తోటంతా తిప్పిన నాన్న. అతనికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, కాళ్ళకు నొక్కుకుపోతున్న జరీ చెప్పులు విప్పి ముళ్ళపొదలోకి విసిరేశాడు.

"అయితే నడుద్దాం అక్కా" అన్నాడు. "ఆ గుండును ఎలా వదిలించాలో నువ్వు ఆలోచించు. నువ్వు ఆలోచించేదాకా నేను నడుస్తాను."

వైదూర్యదేవి తమ్ముడి ముఖంలోకి కొత్తగా చూసింది. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దారి మలుపు తిరిగి శంఖినీ నది ఒడ్డున ఆగిపోయింది. వరద నీరు ఎర్రగా, వెడల్పుగా, మానులను దొర్లించుకుంటూ పోతోంది. పడవ అవతలి గట్టున కట్టి ఉంది, పడవవాడి జాడ లేదు. వెనక ఇసుక మీదుగా గుండు నింపాదిగా వస్తోంది.

"ఈత వచ్చు కదరా?" అంది వైదూర్యదేవి.

"ఎప్పుడు నేర్చుకున్నానక్కా! ఇప్పుడు నేర్చుకుంటాను" అని చిత్రాంబరుడు పంచె ఎగ్గట్టి, మొలలోతు నీళ్ళలోకి దిగాడు.